అక్క చెప్పని ప్రసంగం

పులివెందుల నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను ప్రొద్దుటూరులో ఒక బట్టల హోల్‌సేల్ అంగడిలో, చీరల కట్టల మధ్య స్టూలు వేసుకుని వాళ్ళ సర్వరు పని చూస్తున్నాను. ఫోన్ చేసింది, నాకు ఈ పని నేర్పిన అక్క వాళ్ళ తమ్ముడు. "అక్క పోయిందమ్మా, తెల్లారి" అన్నాడు. కిడ్నీల జబ్బు ముదిరి అక్క ఆసుపత్రికీ ఇంటికీ తిరుగుతూనే ఉంది కాబట్టి ఇలాంటి ఫోన్ ఎప్పుడైనా రావచ్చని తెలుసు. నా ముఖం చూసి అంగడి యజమాని తనే లేచి షట్టరు సగం దించి, నీళ్ళు తెప్పించాడు. ఆయనకూ అక్క తెలుసు. ఆయన సర్వరు మొదట చూసింది అక్కే.

నేను ఏడ్చింది లింగాలలో, అక్కకు మట్టి ఇచ్చాక. కోపం మాత్రం అంతకు ముందే, బస్సులోనే వచ్చింది. వేంపల్లె దాటాక ఫోన్ తెరిచి చూస్తే, అక్క ఒకప్పుడు పనిచేసిన కంపెనీలో మేనేజరుగా ఉన్న పెద్దమనిషి అప్పటికే సంతాపం రాసిపెట్టాడు. "నా ప్రసంగాలకు స్లైడ్లు తయారు చేయడంలో తెర వెనుక సాయపడిన సోదరి ఇక లేరు" అని. కింద చేతులు జోడించిన బొమ్మలు, "మీ మనసు గొప్పది సార్" అని వ్యాఖ్యలు. ఆ వాక్యం చదివి నేను గట్టిగా తిట్టిన తిట్టుకు ముందు సీట్లో ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మంచే రాయాలంటారు. అక్క మంచి రాయాలంటే ఆ మనిషి చేసిన పని రాయక తప్పదు. ఆయన పేరు మాత్రం రాయను. రాస్తే అది కూడా ఆయనకు ఒక వేదికే అవుతుంది, వేదికలు ఆయనకు ఇప్పటికే ఎక్కువయ్యాయి. అక్క పేరూ రాయను, నాకు ఆమె ఎప్పుడూ అక్కే.

మాది పెద్దముడియం. నాన్న ఊరి గుళ్ళో పూజారి. నేను టీచరునో, బ్యాంకు గుమాస్తానో అయితే చాలనుకున్నాడు. డిగ్రీ అయ్యాక ఊరికే ఇంట్లో ఉండడమెందుకని ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళ వీధిలో, మేడ మీద ఉన్న కంప్యూటరు ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. అక్కడ డేటాబేస్ పాఠం చెప్పేది అక్క. నూలు చీర, చేతికి మగవాళ్ళ గడియారం, గొంతు మాత్రం కింద వీధిలో బేరమాడేవాళ్ళకు కూడా వినపడేంత. డేటాబేస్ అంటే ఏమీ లేదు, ఆసుపత్రికో అంగడికో బడికో సంబంధించిన వివరాలన్నీ ఒక పద్ధతిలో దాచిపెట్టే చోటు. దాన్ని కాపాడే మనిషిని డీబీఏ అంటారు. ఈ పని బాగా చేసినన్నాళ్ళు అలాంటి మనిషి ఒకరున్నారని ఎవరికీ గుర్తుండదు.

మొదటి రోజే నన్ను లేపి నిలబెట్టింది.

"ఏమ్మే, సర్వరు కాలిపాయ. ఏం చేస్తావు?"

"బ్యాకప్ ఉంది కదా మేడం."

"మేడం యాడిది, అక్కా అను. బ్యాకప్ ఉండాదని నీకెట్ల తెల్సు?"

"రోజూ తీస్తారు కదక్కా."

"తీస్తే? తీసింది తిరిగి నిలబెట్టి చూసినావా ఎప్పుడన్నా?"

అక్క నవ్వలేదు, కోప్పడనూ లేదు. "శుక్రవారం రా మాయమ్మోళ్ళింటికి. చూపిస్తా" అంది.

అలా నేను లింగాల పోయాను. అక్క వాళ్ళది గొర్రెలు మేపే కుటుంబం. వాళ్ళ నాయన అప్పటికే లేడు, మందను అమ్మ, తమ్ముడు చూసుకునేవాళ్ళు. మేం పోయేసరికి పొద్దు వాలుతోంది. మేతకు పోయిన తల్లి గొర్రెలు తిరిగొస్తున్నాయి. పాలు తాగే పిల్లలు పొద్దున్నుంచీ దొడ్డి పక్కన తడికెల గూట్లోనే ఉండి ఒకటే అరుపు. తమ్ముడు తల్లులను లెక్కపెట్టి, "సరిపోయినాయి మా" అన్నాడు. అమ్మ ఆ మాట విననట్టే పోయి గూడు తలుపు తీసింది. పిల్లలన్నీ ఒక్కసారిగా మందలో పడ్డాయి. ఆ దుమ్ములో, ఆ గోలలో, కాసేపట్లో ఒక్కొక్కటీ దాని తల్లి పొదుగు కింద చేరింది. ఒకటి మాత్రం ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూ అరుస్తోంది.

"దీని తల్లి రాలేదు" అంది అమ్మ.

"లెక్క సరిపోయింది గదమ్మా!" అన్నాడు తమ్ముడు.

"ఎవురిదో ఒకటి మనదాంట్లో కలిసింటాది. పోయి చూడు."

అట్లాగే అయింది. పక్క మందలోని గొర్రె ఒకటి వీళ్ళతో వచ్చేసింది, వీళ్ళది ఒకటి వాళ్ళతో పోయింది. తమ్ముడు మార్చుకొచ్చేదాకా ఆ పిల్ల అరుపు ఆపలేదు. అక్క నా వైపు తిరిగి, "లెక్క సరిపోయిందంటే నమ్మొద్దు మే. పిల్లల్ని వదిలి చూడు" అంది. ఈ ఒక్క మాట మీద నేను ఇన్నేళ్ళుగా బతుకుతున్నాను.

తర్వాత అక్క ఒక కంపెనీలో చేరింది, ఏడాది తిరక్కుండా నన్నూ చేర్పించింది. పెద్ద ఆఫీసు విజయవాడలో, మాది ప్రొద్దుటూరు శాఖ. మేనేజరు వారానికి ఒకసారి వచ్చిపోయేవాడు. మంచి ఇస్త్రీ చొక్కా, మంచి మాట, ఎవరితో మాట్లాడినా పక్కవాళ్ళకు కూడా వినపడాలన్నట్టు మాట్లాడేవాడు. మొదట్లో నాకూ ఆయనంటే గౌరవమే ఉండేది, దాచడమెందుకు.

అక్క ప్రతి శుక్రవారం బ్యాకప్‌ను వేరే మెషీన్ మీద తిరిగి నిలబెట్టి, దాచిన వివరాలన్నీ నిజంగా వస్తాయో లేదో చూసేది. ఆ పూట ఆమె దగ్గరికి ఎవరూ పోకూడదు. బొరుగుల పొట్లం ఒకటి పక్కన పెట్టుకుని, ఒక్కొక్క గింజా నోట్లో వేసుకుంటూ తెర చూస్తూ కూర్చునేది. ఒకసారి కొన్ని ఊళ్ళలో శాఖలున్న ఒక ప్రైవేటు ఆసుపత్రి పని వచ్చింది. పాత సర్వరు నుంచి కొత్తదానికి వాళ్ళ వివరాలన్నీ మార్చాం. పాతదాంట్లో ఎన్ని వరసల వివరాలున్నాయో కొత్తదాంట్లోనూ అన్నే ఉన్నాయి. మేనేజరు సంతకం పెట్టి అప్పజెప్పేద్దామన్నాడు. అక్క ఒప్పుకోలేదు. ప్రతి రక్తపరీక్షనూ తెర మీద దాని మనిషి పేరు దగ్గరికి పంపించి చూసింది. కొన్ని పరీక్షలకు మనుషులే లేరు. కొందరు మనుషులు రెండుసార్లు వచ్చి పడ్డారు, వాళ్ళ వల్ల లెక్క సరిపోయింది. ఆ రోజు అప్పజెప్పి ఉంటే ఒకరి రక్తం ఇంకొకరి పేరు మీద ఉండేది, దాన్ని చూసి డాక్టరు మందు రాసేవాడు.

ఆ అనుభవాన్ని అక్క ఒక ప్రసంగంగా రాసుకుంది. రాష్ట్రం రెండయ్యాక హైదరాబాదు సభలు మనవి కాకుండా పోయాయని, ఈ పక్క డేటాబేస్ పనివాళ్ళంతా కలిసి ఏడాదికోసారి విజయవాడలో సమావేశం పెట్టుకోవడం మొదలుపెట్టారు. దానికి పంపింది. లింగాల దొడ్డి, గూడు తలుపు తీసే అమ్మ, ఆసుపత్రి, అన్నీ అందులో ఉన్నాయి. ఎంపికైందని జవాబు వచ్చిన రోజు మా శాఖలో అందరికీ మిరపకాయ బజ్జీలు తినిపించింది. నా ముందు నిలబడి, గోడను జనం అనుకుని, ఎన్నిసార్లు చెప్పి చూసుకుందో! వినీ వినీ ప్రసంగమంతా నాకు నోటికి వచ్చేసింది.

సభకు కొద్ది రోజుల ముందు మేనేజరు వచ్చాడు. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను కాబట్టి ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు.

"విషయం అద్భుతంగా ఉందమ్మా. కానీ స్టేజీ వేరు. మీ యాస వింటే అక్కడ నవ్వుతారు. మీరు నవ్వులపాలు కావడం నాకిష్టం లేదు. ఈసారికి నేను చెప్తాను, మొదటి స్లైడులో మీ పేరు పెద్దక్షరాలతో వేస్తాను. వచ్చే ఏడు మీరే చెప్పండి."

అక్క కుర్చీ ఆయన వైపు తిప్పింది. "నవ్వితే నవ్వనీండి సార్, నాకేం బాధ లేదు" అంది.

"కంపెనీకి ఉంటుంది కదమ్మా" అన్నాడు. నిర్వాహకులకు అప్పటికే రాసేశాడని మాకు తర్వాత తెలిసింది.

ఇద్దరం సభకు పోయాం. మొదటి స్లైడులో ఆయన పేరొక్కటే ఉంది. చివరి స్లైడు దాకా వెతికాను, అక్క పేరు లేదు. "మా తాతగారికి గొర్రెల మంద ఉండేది" అని మొదలుపెట్టాడు. తాతగారికి మంద! వాళ్ళ తాత రైస్ మిల్లు ఓనరని ఆఫీసులో చెప్పుకున్నది ఆయనే. ఇంకా ఘోరం, తెర మీద వేసిన బొమ్మలో తెల్లగా, దూది మూటల్లా ఉన్న విదేశీ గొర్రెలు. అక్క నా చెవిలో, "అవి మన ఎండకు ఒక్క పూట కూడా బతకవు మే" అంది. నాకు నవ్వు రాలేదు. ఆయన "లెక్క సరిపోయిందంటే నమ్మకండి, పిల్లల్ని వదిలి చూడండి" అని ముగిస్తే సభంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగి వంగి దండాలు పెట్టాడు.

తిరుగు బస్సులో అక్క కిటికీ పక్కన కూర్చుంది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. కిటికీలోంచి చూస్తూనే అంది.

"నవ్వుతారన్నాడు గదా. ఎవురూ నవ్వలేదు. అంటే చెప్పిన మాటలో తప్పేమీ లేదన్నమాట."

"నీకు కోపం రాలేదా అక్కా?"

"వచ్చింది. రాకుండా ఎట్లుంటాది? కానీ కోపం పెట్టుకోని కుచ్చుంటే శుక్రవారం పని ఎవురు చేస్తారు?"

అప్పుడే నేను అనుకున్నాను. సరే, ఆ కోపం నా దగ్గర పెట్టు అక్కా, నేను దాచిపెడతాను అని. దాచిపెట్టాను కూడా. ఇంతకాలమైనా అది వాడిపోలేదు, పాచిపోలేదు.

ఆ తర్వాత ఆ ప్రసంగం ఆయనకు ఇంటి పేరులా అయిపోయింది. ఊరూరా అదే చెప్పాడు. కాలేజీలవాళ్ళు శాలువాలు కప్పారు. "వచ్చే ఏడు మీరే" అన్న మాట మాత్రం ఆయనకు మళ్ళీ గుర్తు రాలేదు. అక్క ఉద్యోగం మానేసింది. మానేస్తానని చెప్పింది జమ్మలమడుగు బస్టాండు ఎదురుగా ఉన్న టీ అంగడిలో. వేడి గ్లాసు రెండు వేళ్ళతో పట్టుకుని, ఏదో సినిమాకు పోదామన్నంత తేలిగ్గా చెప్పింది.

"ఇంగ సొంతంగా చేస్తా. ఈడనే ఒక రూము చూసినా."

"ఫ్రీలాన్సా? జమ్మలమడుగులోనా? ఎవరిస్తారక్కా మనకు పని?"

"పప్పు మిల్లులోల్లకు లేవా డేటాబేసులు? ల్యాబులోల్లకు లేవా? వాల్లకు విజయవాడ యాస కావాల్నా, పని కావాల్నా?"

"నెల తిరిగేసరికి జీతం రాదు కదా. భయం లేదా?"

"ఉండాది. అయితే ఏంది? భయపడ్తానే చేస్తా." టీ తాగి గ్లాసు బల్ల మీద పెట్టి నావైపు తిరిగింది. "ఒకటి చెప్తా ఇను. సొంతంగా చేసేదంటే ఎవురికీ జవాబు చెప్పబన్లేదని కాదు. ఎవురికి చెప్పాల్నో మనమే చూసుకుంటాం. అంతే."

టీ అంగడి మామ మా మాటలు వింటూ, "ఏందమ్మా, అంగడి పెడ్తాండారా మీరు గూడా?" అన్నాడు. "అవు మామా, సరుకు లేని అంగడి" అని అక్క పెద్దగా నవ్వింది. కొన్ని నెలలకు నేనూ ఆ రూముకే వచ్చేశాను.

మొదట్లో పని దొరకలేదు. ఎందుకు దొరకడం లేదో తెలిసింది మాత్రం ఆలస్యంగా. మేనేజరు మాకు తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసి, "ఆవిడ మంచిదే పాపం, కానీ మనిషికి నిలకడ లేదండీ, మధ్యలో వదిలేసి పోతుంది" అని చెబుతున్నాడట. వేంపల్లెలో ల్యాబు నడిపే ఆయన ఉండబట్టలేక మాకు చెప్పేశాడు. నేను విజయవాడ పోయి చొక్కా పట్టుకుంటానన్నాను. అక్క నా చెయ్యి పట్టి కూర్చోబెట్టి, ఆ ల్యాబు బ్యాకప్ నిలబెట్టి చూడమంది. చూస్తే అది ఖాళీ. ఎన్నాళ్ళుగానో ఖాళీ డబ్బా దాచుకుంటున్నారు వాళ్ళు. దాన్ని సరిచేసి ఇచ్చాక ఆయనే నలుగురికీ చెప్పాడు. అలా ఒకరి నోట ఒకరికి పాకి, ప్రొద్దుటూరు బట్టల అంగళ్ళ దాకా వచ్చింది.

అక్కకు ఒక నియమం ఉండేది. తిరిగి నిలబెట్టి చూసే పని కుదరదన్నవాళ్ళ పని ఎంత పెద్దదైనా ముట్టుకునేది కాదు. "చూడనీకి ఇష్టం లేనోల్లు ఏదో దాస్తాండారు" అనేది. పని మీద ఎవరి దగ్గరికైనా పోతే కుర్చీ ఇచ్చినా ఇవ్వకపోయినా పట్టించుకునేది కాదు, మంచినీళ్ళు ఇవ్వకపోతే మాత్రం అడిగి మరీ తాగేది. పాస్‌వర్డు అడిగితే గట్టిగా అరిచి చెప్పే యజమానులను, "నెమ్మదిగా అప్పా, నీ పెండ్లాం పేరు ఊరందరికీ ఎందుకు?" అని ఏడిపించేది. చివరికి ఆ ఆసుపత్రివాళ్ళు కూడా మేనేజరు కంపెనీని వదిలి మా రూము మెట్లెక్కి వచ్చారు. ఆ రోజు నేను మిఠాయి కొన్నాను. పరుల నష్టానికి మిఠాయిలేమిటని అక్క తిట్టింది, తిడుతూనే రెండు తినింది. నేనైతే పొట్లంలో సగం ఖాళీ చేశాను. ఇన్నేళ్ళలో నాకు అంత తియ్యగా అనిపించిన మిఠాయి ఇంకొకటి లేదు.

సభల్లో మాట్లాడడం నాకు నేర్పించింది అక్కే. "మొదటి మాటకే జనాన్ని నవ్వించాలని చూడొద్దు. నీకు జరిగిందేదో అది చెప్పు. చెప్పడం అయిపోతే దిగిపో" అనేది. నేను విజయవాడ సభలో మొదటిసారి మాట్లాడి వచ్చిన రోజు, ప్రశ్నలన్నీ ఒకటొకటిగా అడిగించుకుని విని, పసిపిల్లలా సంబరపడింది. నాకు ఉండబట్టలేదు.

"నువ్వు పంపక్కా ఈసారి. నీ గొర్రెల ప్రసంగం. నీ నోటితో నువ్వు చెప్పు."

అక్క ముఖంలో సంబరం ఆరిపోయింది. నేను చూసినంతలో అదొక్కసారే.

"ఎట్ల చెప్పేది? ఆయన రాష్ట్రమంతా చెప్పేసినాడు. ఇప్పుడు నేను పోయి చెప్తే, ఆయనది ఎత్తుకొచ్చి చెప్తాండాదని అంటారు. నా మాటకు నేనే దొంగనైతా మే."

మీరు ఈ మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. దొంగతనం అంటే వస్తువు పోవడమని అనుకుంటాం. ఆయన ఆమె అమ్మను, ఆమె దొడ్డిని, ఆమె చిన్నతనాన్ని ఎత్తుకుపోయి, మళ్ళీ ఆమె తన చిన్నతనం గురించి తాను చెప్పుకోలేకుండా చేశాడు. ఇంతకన్నా పెద్ద దొంగతనం నాకు తెలియదు.

పులివెందులలో తమ్ముడింట్లో ఉన్నప్పుడు అక్కను చివరిసారి చూశాను. ముఖం ఉబ్బి, గొంతు సన్నబడిపోయింది. మంచం మీద నుంచే వేంపల్లె ల్యాబు సంగతి అడిగింది, శుక్రవారం పని తప్పలేదు కదా అని అడిగింది. నేను బయల్దేరే ముందు అడిగాను.

"ఆయన్ని క్షమించినావా అక్కా?"

"ఆయన్నా?" అని కాసేపు గుర్తు తెచ్చుకుంటున్నట్టు చూసింది. "ఆ మాట నన్ను అడగనే లేదు గదా. అడగనోన్ని ఎట్ల క్షమించేది?"

అదీ అక్క. ద్వేషించలేదు, వదిలిపెట్టనూ లేదు. నేను అంత మంచిదాన్ని కాను, ద్వేషించాను.

అక్క పెద్దదినం అయిపోయాక నేను సభ నిర్వాహకురాలికి ఫోన్ చేశాను. గుంటూరు అమ్మాయి, మాటలో చురుకు. ఈ ఏడు సభలో నా ప్రసంగం ఒకటి అప్పటికే ఖాయమై ఉంది. దాన్ని తీసేసి వేరేది పెడతానన్నాను. ఏమిటని అడిగితే అంతా చెప్పాను, మొదటి నుంచీ చివరి దాకా.

"వక్త పేరు ఎవరిది వేయమంటారు?" అంది ఆ అమ్మాయి.

"అక్కదే. ఇంటిపేరుతో సహా, ఊరు పేరుతో సహా. ప్రసంగం ఆమెది. నేను నిలబడి వినిపిస్తానంతే."

"మీకు తెలుసు కదా, మధ్యాహ్నం భాగానికి అధ్యక్షత ఆయనదే. వక్తలను పిలిచేది ఆయనే."

"తెలుసు. అందుకే మధ్యాహ్నం అడుగుతున్నా."

"ఆయనకు ముందే చెప్పమంటారా?"

"అందరితో పాటు ఆయనకూ వివరాలు పంపుతారు కదా. చదువుకుంటారులే" అన్నాను. ఆయన ఏ కాగితమూ ముందుగా చదవడని నాకు బాగా తెలుసు. మేమంతా ఒకచోట పనిచేసినన్నాళ్ళూ ఆయన కోసం చదివిపెట్టింది అక్క.

అక్క అమ్మను నాతో తీసుకుపోయాను. "అక్క మాట పెద్ద సభలో చెప్తాండాం, నువ్వు ఉండాల" అన్నాను. మేనేజరు సంగతి ఆమెకు నేనేమీ చెప్పలేదు. అక్క కూడా ఎప్పుడూ చెప్పినట్టు లేదు. కొత్త చీర కట్టుకోమంటే వద్దంది, ఉతికిన పాతదే కట్టుకుని, కొంగు తల మీదికి కప్పుకుని వచ్చింది. ఆ చల్లటి హాల్లో, మెత్తటి కుర్చీలో వెనక్కి ఆనుకోకుండా, అంచు మీదే, ఎవరైనా లేవమంటారేమో అన్నట్టు కూర్చుంది. ముందు వరసలో నా పక్కన కూర్చోబెట్టాను. "ఇంతమంది గొర్రెల గురించి ఇనడానికి వచ్చినారా?" అంది ఆశ్చర్యంగా.

మధ్యాహ్నం భాగం మొదలైంది. ఆయన వేదిక మీదే ఉన్నాడు. జుట్టు నెరిసింది, చొక్కా ఇస్త్రీ అలాగే ఉంది. ఒక ప్రసంగం అయిపోయింది. గుంటూరు అమ్మాయి వచ్చి ఆయన చేతిలో కాగితం పెట్టి దిగిపోయింది. ఆయన మైకు దగ్గరికి వచ్చి, సభ వైపు నవ్వుతూ చూసి, కళ్ళజోడు సవరించుకుని, ఎప్పటిలాగే మంచి గొంతుతో చదవడం మొదలుపెట్టాడు.

"తర్వాతి ప్రసంగం, పిల్లల్ని వదిలి చూడండి."

అక్కడ కొంచెం తడబడ్డాడు. అయినా నోరు అలవాటు కొద్దీ ముందుకు పోయింది. అక్క ఇంటిపేరు చదివాడు, అక్క పేరు చదివాడు, లింగాల, కడప జిల్లా అని చదివాడు. "వారిని సగౌరవంగా వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను" అని కూడా అనేశాడు. అన్నాక గానీ తాను ఎవరిని పిలిచాడో ఆయనకు అర్థం కాలేదు. నవ్వు ముఖం మీదే ఉండిపోయింది, కళ్ళు మాత్రం కాగితం మీద ఆగిపోయాయి.

నా పక్కన అమ్మ లేచి నిలబడింది. ఆసుపత్రిలో నర్సు బిడ్డ పేరు పిలిచినప్పుడల్లా లేచి పలికింది ఆమే. ఇప్పుడూ అట్లాగే లేచింది. కొంగు సర్దుకుని, మైకు ముందు ఉన్న మనిషికి వినపడాలని గొంతు పెంచి చెప్పింది.

"రాదప్పా. నా బిడ్డ పోయింది. ఎవురూ చెప్పలేదా నీకు?"

ఆయన కాగితం మడతపెట్టాడు, మళ్ళీ విప్పాడు. గుంటూరు అమ్మాయి తలుపు దగ్గర నిలబడి నా వైపు చూస్తోంది. అమ్మను కూర్చోమని చెప్పి నేను వేదిక ఎక్కాల్సిన సమయమది. ఎక్కుతాను, చెప్తాను, అదంతా తర్వాత. అమ్మ చేతిసంచి నా ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాను. ఆమె మాత్రం జవాబు కోసం ఆయన ముఖంలోకే చూస్తూ నిలబడి ఉంది.